గోదావరి డెల్టాలో కుక్కలు, పిల్లులు: జబ్బులు, ప్రవర్తన

గోదావరి డెల్టాలో కుక్కలకూ పిల్లులకూ వచ్చే జబ్బుల్లో చాలావాటికి నీటితోనో, ఎలుకతోనో, పొలంలో వాడే మందుతోనో సంబంధం ఉంటుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు, బోదెలు, వరిచేలతో నిండిపోయిన నేల ఇది. ఆ తర్వాత భీమవరం, ఉండి, ఆకివీడు వైపు చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చి చేరాయి. ఏడాదిలో ఎక్కువ నెలలు తడి ఆరని ఈ నేలలో పిడుదులు, దోమలు, ఎలుకలు, పాములు బాగా వృద్ధి చెందుతాయి. పెంపుడు జంతువులు తిరిగేది వాటి మధ్యే.

ఇంట్లోవాళ్ళు మాత్రం ముందు జబ్బును గమనించరు, ప్రవర్తనలో మార్పును గమనిస్తారు. పిలిస్తే రావడం లేదని, మనిషి మీదికి వస్తోందని, కట్టేస్తే రాత్రంతా ఏడుస్తోందని, పిల్లి ఇల్లంతా పాడు చేస్తోందని చెబుతారు. కొందరు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తారు. చాలామంది కొడతారు, లేదా కట్టేస్తారు, లేదా సంచిలో వేసి కాలువ అవతల వదిలి వస్తారు. ఒంట్లో బాగోలేని జంతువుకు దాన్ని తెలియజేయడానికి ప్రవర్తన తప్ప మరో దారి లేదు. అందుకే ఈ వ్యాసంలో జబ్బులనూ ప్రవర్తననూ విడదీయలేదు.

పెంచే జంతువులు

డెల్టాకు తనదైన కుక్క జాతి ఒకటుంది. కొల్లేరు చుట్టుపక్కల, పశ్చిమ గోదావరి, కృష్ణా ప్రాంతాల్లో కనిపించే జోనంగి అది. చర్మానికి అతుక్కున్నట్టుండే పొట్టి వెంట్రుకలు, సన్నని ఒళ్ళు, మొరుగుడుకు బదులు సాగదీసే వింత గొంతు దాని గుర్తులు. బాతుల మందలు కాసేవాళ్ళకు తరతరాలుగా తోడుగా ఉన్న ఈ జాతి ఇప్పుడు బాగా తగ్గిపోయింది. ఊళ్ళలో ఎక్కువగా కనిపించేది నాటుకుక్క. ఏదో ఒక వీధిని తనదనుకుని, నాలుగిళ్ళ అన్నం తిని బతుకుతుంది. చెరువుగట్ల మీద మకాముల్లో కాపలా కుక్కలుంటాయి. రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం, తణుకు లాంటి పట్టణాల ఇళ్ళలో లాబ్రడార్లు, జర్మన్ షెపర్డ్‌లు, పొమెరేనియన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. ఈమధ్య హస్కీలు, షిట్జూలు, పగ్‌లు కూడా వచ్చాయి. పిల్లిని ఇక్కడ మొదటినుంచీ ఎలుకల కోసమే ఉంచుకున్నారు. ధాన్యం ఉన్న ప్రతి చోటా, రైసుమిల్లులో, గిడ్డంగిలో, పెంకుటింటి అటక మీద, పిల్లి ఉంటుంది. దానికి టీకా వేయించాలన్న ఆలోచన మాత్రం ఇంకా చాలా ఇళ్ళకు చేరలేదు.

రేబిస్

ప్రవర్తనను బట్టే మొదట పట్టుకోవలసిన జబ్బు రేబిస్. వైరస్ కాటు గాయం నుంచి నరాల వెంట మెల్లగా మెదడుకు చేరుతుంది. దానికి వారాలు పట్టవచ్చు, నెలలు కూడా పట్టవచ్చు. మెదడుకు చేరాక కుక్క మారిపోతుంది. చనువుగా ఉండేది మంచం కింద దూరి బయటికి రాదు. నెమ్మదిగా ఉండేది కారణం లేకుండా కరుస్తుంది. కర్రలు, రాళ్ళు, మట్టి మింగుతుంది. మొరుగుడు గొంతు మారి బొంగురుపోతుంది. మరో రకంలో ఈ ఉగ్రత ఏమీ కనిపించదు. కింది దవడ జారిపోయి, చొంగ కారుతూ, మింగలేక మూలన పడి ఉంటుంది. ప్రమాదమంతా ఇక్కడే ఉంది. గొంతులో ఎముక అడ్డం పడిందనుకుని ఇంటివాళ్ళు నోరు తెరిచి చెయ్యి పెట్టి వెతుకుతారు. చొంగలోని వైరస్ వేలి మీద చిన్న గీతలోంచైనా లోపలికి పోతుంది. దవడ వేలాడుతున్న కుక్క నోట్లో చెయ్యి పెట్టకూడదు. దాన్ని ఒక గదిలో మూసి పశువైద్యుడికి చెప్పాలి.

పిచ్చికుక్క నీళ్ళను చూసి పారిపోతుందని జనం నమ్ముతారు. నీటి భయం మనుషుల్లో కనిపించే లక్షణం. రేబిస్ వచ్చిన కుక్క నీళ్ళు తాగాలని చూస్తుంది, కాలువ ఈది అవతలి ఊరికి కూడా పోతుంది. నీళ్ళు తాగుతోంది కదా అని ధైర్యపడితే ప్రాణం మీదికి వస్తుంది.

కరిచాక చేయవలసిన మొదటి పని గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడగడం. ఈ జబ్బును ఆపడంలో ఇది చేసినంత మేలు చేసే పని ఇంట్లో ఇంకొకటి లేదు. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి గాయంలో పెడితే కండ చిట్లి వైరస్‌కే దారి దొరుకుతుంది. కడిగిన వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ప్రభుత్వాసుపత్రుల్లో ఇప్పుడు చర్మంలోకి వేసే టీకాను 0, 3, 7, 28 రోజుల్లో రెండు చేతులకూ వేస్తారు. చర్మం చీలి రక్తం వచ్చి ఉంటే గాయంలోనూ దాని చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా ఎక్కించాలి. పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తున్న 'బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు' గొర్రె మెదడు నుంచి తయారుచేసిన పాత టీకావి. కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ టీకా వాడకం మన దేశంలో 2005 నాటికి ఆగిపోయింది. ఆ నొప్పి కథలు విని ఈనాటికీ ఆసుపత్రికి వెళ్ళకుండా తాయెత్తు కట్టించుకునేవాళ్ళున్నారు. వాళ్ళకు ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాలి: ఇప్పటిది జబ్బకు వేసే చిన్న సూది.

కరిచిన కుక్క ఇంటిదైతే, కనిపించే వీధికుక్కైతే, దాన్ని చంపకుండా 10 రోజులు గమనించాలి. చొంగలో వైరస్ ఉన్న కుక్క ఆ గడువు లోపలే జబ్బుపడి చనిపోతుంది. పది రోజులు దాటి ఆరోగ్యంగా ఉంటే ఆ కాటు వల్ల రేబిస్ రాదు. అయితే టీకా మొదలుపెట్టడానికి మాత్రం ఆ పది రోజులు ఆగకూడదు. పిల్లి రక్కినా, కరిచినా ఇవే జాగ్రత్తలు.

ప్రపంచంలో ఏటా సుమారు 59,000 మంది రేబిస్‌తో చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. అందులో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. ఒక ప్రాంతంలోని కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే వైరస్ ఒకదాన్నుంచి మరొకదానికి వ్యాపించడం ఆగుతుంది. గోవా ఇంటింటికీ, వీధివీధికీ తిరిగి టీకాలు వేసి ఈ పని చేసి చూపించింది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను నిర్మూలించాలని కేంద్రం 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది.

చిత్త కార్తె, వీధికుక్క

అక్టోబరు రెండో వారంలో వచ్చే చిత్త కార్తె పేరు కుక్కల జతకట్టే కాలానికి గుర్తుగా తెలుగువాళ్ళ నోట నిలిచిపోయింది. అప్పుడు మగకుక్కలు గుంపులు కడతాయి, తమవి కాని వీధుల్లోకి వస్తాయి, కొట్లాడుకుంటాయి. ఆ కొట్లాటల మధ్యలోకి వచ్చిన పిల్లలకూ సైకిళ్ళవాళ్ళకూ కాట్లు పడతాయి. కుక్క చూలు 63 రోజులు. అంటే సంక్రాంతి సెలవులకు పిల్లలు ఊరికి వచ్చేసరికి వీధిచివర గడ్డివాముల దగ్గర, కల్వర్టుల కింద ఈనిన తల్లులుంటాయి. అప్పటి కాట్లలో చాలావరకు తల్లి తన పిల్లల్ని కాచుకోవడం వల్లనే. ఆ నెల రోజులు ఆ చోటికి పిల్లల్ని పోనివ్వకపోతే సగం గొడవ తీరుతుంది.

ఎక్కువ కాలానికి పనిచేసేది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. వీధికుక్కల్ని చంపడం పరిష్కారం కాదని 2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు తేల్చాయి. 2023 మార్చిలో వచ్చిన కొత్త నిబంధనలు కూడా పట్టుకున్న కుక్కకు ఆపరేషన్, టీకా చేసి తిరిగి అదే చోట వదలాలంటాయి. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమన్న సుప్రీంకోర్టు, అదే నెలలో ఆ ఉత్తర్వును సవరించి, రేబిస్ ఉన్నవి, మనుషుల మీద పడేవి తప్ప మిగతావాటిని టీకా వేసి పాత చోటనే వదలమంది. ఒక వీధి కుక్కల్ని ఊరవతల దించేస్తే ఆ ఖాళీలోకి టీకా లేని కొత్త కుక్కలు వస్తాయి. దించిన చోట ఇవి కొత్త గుంపుతో కొట్లాటకు దిగుతాయి. డెల్టా పంచాయతీలు ఈ సంగతి గట్టిగా పట్టించుకోవాలి. ఒక ఊరు తన కుక్కల్ని పక్క ఊరి లాకుల దగ్గర దించితే, పక్క ఊరు కూడా అదే పని చేస్తుంది.

వీధికుక్కల్లో జతకట్టినప్పుడు అంటుకునే కణితి ఒకటుంది. మర్మాంగాల దగ్గర కాలీఫ్లవర్‌లా ఉబ్బి రక్తం కారుతుంది. చూడడానికి భయంకరంగా ఉన్నా, వారానికొకటి చొప్పున కొన్ని వారాలు విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్ వేస్తే ఎక్కువ కుక్కలు పూర్తిగా కోలుకుంటాయి. ఆ మందు మన పెరళ్ళలో పూసే బిళ్ళగన్నేరు నుంచి తీసినదే.

ఎలుకమందు

డెల్టాలో ఎలుక పంటకు పెద్ద శత్రువు. నూకల్లో నూనె, బ్రోమాడియోలోన్ కలిపి పొట్లాలు కట్టి గట్ల మీది బొరియల్లో పెడతారు. నూనె వాసన కుక్కను కూడా పిలుస్తుంది. చచ్చిన, చావబోతున్న ఎలుకను పిల్లి తింటుంది. ఈ మందు రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న మూడు నాలుగు రోజుల దాకా ఏమీ తెలియదు. ఆ తర్వాత జంతువు నీరసంగా, ఎవరితోనూ కలవకుండా ఉంటుంది. పైపెదవి ఎత్తి చూస్తే ఎర్రగా ఉండవలసిన చిగుళ్ళు సుద్దలా తెల్లబడి ఉంటాయి. ముక్కు నుంచి, మూత్రంలో రక్తం కనిపించవచ్చు. విరుగుడు ఉంది, అది విటమిన్ కె1. వారాల తరబడి ఇవ్వాలి, మధ్యలో బాగుందని ఆపితే మళ్ళీ రక్తస్రావం మొదలవుతుంది.

జింకు ఫాస్ఫైడ్ అలా కాదు. కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువు విడుదల చేస్తుంది, గంటల్లో ప్రాణం తీస్తుంది, దానికి విరుగుడు మందు లేదు. అనుమానం వస్తే అన్నమో పాలో పెట్టకూడదు. తిండి పడితే ఆమ్లం పెరిగి వాయువు ఎక్కువవుతుంది. గాలి ఆడే చోట ఉంచి, మందు పొట్లం కాగితంతో సహా వెంటనే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి. మందు పెట్టిన రోజున ఊళ్ళో చాటింపు వేయించి కుక్కల్ని కట్టుకోమని చెప్పడం, చచ్చిన ఎలుకల్ని ఏరి పూడ్చడం ఖర్చులేని పనులు. బుట్టలు పెట్టి ఎలుకల్ని పట్టించే పాత పద్ధతికి ఈ కారణంగా కూడా విలువ ఉంది.

పురుగుమందు డబ్బాలు కడిగిన నీళ్ళు తాగిన కుక్క చొంగ కారుస్తూ, వణుకుతూ, కంటిపాపలు చిన్నవై పడిపోతుంది. వెంటనే అట్రోపిన్ అందితే బతికే అవకాశం ఉంది. పాము కాటు వేరే సంగతి. వరిచేలో మూతి మీదో ముందుకాలి మీదో కాటు పడి, అక్కడ వాచి రక్తం ఉబికితే రక్తపింజర అనుకోవాలి. మనుషులకు వాడే విరుగుడు మందే కుక్కకూ పనిచేస్తుంది. కాలుకు గట్టిగా తాడు బిగించడం, కాటును కోయడం చేటు చేస్తాయి.

కడియం, కడియపులంక నర్సరీల నుంచి మొక్కలు కొనేవాళ్ళు రెండు పేర్లు గుర్తుపెట్టుకోవాలి. లిలియం జాతి మొక్కల ఆకు, పూవు, పుప్పొడి, చివరికి కుండీ నీళ్ళు కూడా పిల్లి మూత్రపిండాలను రెండు మూడు రోజుల్లో పాడుచేస్తాయి. సైకస్ మొక్క, ముఖ్యంగా దాని గింజ, కుక్క కాలేయాన్ని దెబ్బతీస్తుంది.

వాన, వరద, పిడుదు

నారుమళ్ళ కాలం నుంచి వరదలు తగ్గేదాకా ఎలుక మూత్రం కలిసిన నీరు చేలలో, బోదెల్లో, పల్లపు వీధుల్లో నిలుస్తుంది. దాన్నుంచి వచ్చే లెప్టోస్పైరోసిస్‌లో కుక్కకు జ్వరం, వాంతులు వస్తాయి. కండరాలు పట్టేసి లేవడానికి ఇష్టపడదు. ఇంటివాళ్ళకు బద్ధకంలా, అలకలా కనిపిస్తుంది. కళ్ళ తెల్లగుడ్డు పచ్చబడేసరికి కాలేయం, మూత్రపిండాలు దెబ్బతిని ఉంటాయి. ఆ కుక్క మూత్రం ద్వారా మనిషికీ అంటుతుంది. అందుకే దాన్ని శుభ్రం చేసేవాళ్ళు చేతితొడుగులు వేసుకోవాలి. కుక్కకు ఏటా వేయించే టీకాలో లెప్టోస్పైరా భాగం ఉందో లేదో అడిగి వేయించడం డెల్టాలో చాలా అవసరం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన గోదావరి, 2022 జూలైలో మళ్ళీ 25 లక్షలు దాటింది. లంకల్లో మనుషుల్ని పడవల్లో తెచ్చినప్పుడు జంతువులు మేడల మీదా గట్ల మీదా మిగిలిపోతాయి. కట్టేసి వదలకపోవడం ఒక్కటే అప్పుడు వాటి ప్రాణాన్ని కాపాడే పని.

పిడుదుల వల్ల వచ్చే జ్వరాన్ని పట్టణాల్లో అందరూ టిక్ ఫీవర్ అంటున్నారు. ఎర్లిషియా, బేబీసియా అనే సూక్ష్మజీవులు దానికి కారణం. తిండి మానేయడం, ముక్కు నుంచి రక్తం, చర్మం మీద ఎర్రని చుక్కలు దాని గుర్తులు. రక్తం పరీక్షించి, ఎర్లిషియా అయితే డాక్సీసైక్లిన్ నాలుగు వారాల దాకా ఇస్తారు. కుక్క ఒంటి మీద ఒక్క పిడుదు కనబడితే చెవి మడతలో, కాలివేళ్ళ సందుల్లో, తోక మొదట్లో వెదకాలి. ఇంటి గోడ పగుళ్ళలో కూడా వెదకాలి, ఎందుకంటే ఈ గోధుమరంగు పిడుదు గుడ్లు పెట్టేది అక్కడే. కుక్క మీద మందు పోసి గోడను వదిలేస్తే పదిహేను రోజుల్లో మళ్ళీ వస్తాయి. కుక్కలకు పోసే పెర్మెత్రిన్ మందు పిల్లికి తగలకూడదు, వణుకు, మూర్ఛ వచ్చి చనిపోతుంది.

టీకా లేని కుక్కపిల్లల్ని ఎక్కువగా తీసుకుపోయేది పార్వో. 1978లో ప్రపంచానికి తెలిసిన ఈ వైరస్ రక్తపు విరేచనాలతో, వాంతులతో రెండు మూడు రోజుల్లో ఒంట్లో నీరంతా లాగేస్తుంది. సెలైన్ సకాలంలో ఎక్కిస్తే చాలా పిల్లలు బతుకుతాయి. వైరస్ నేలలో నెలల తరబడి ఉంటుంది కాబట్టి, ఆ ఇంట్లో టీకా పూర్తికాని మరో పిల్లను వెంటనే తెచ్చుకోకూడదు.

ఎండ

రోహిణి కార్తెలో రాజమహేంద్రవరం ఎండకు గాలిలో తేమ తోడవుతుంది. కుక్కకు ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి వగర్చి ఒంటి వేడిని పంపుతుంది. గాలే తడిగా ఉంటే ఆ దారీ సరిగా పనిచేయదు. మంచు దేశపు హస్కీని, ముక్కు నొక్కుకుపోయిన పగ్‌ను ఈ డెల్టాకు తేవడం వాటికి చేసే అన్యాయమే. ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ దాటితే వడదెబ్బ. నీడలోకి తెచ్చి, ఒంటి మీద మామూలు నీళ్ళు పోస్తూ ఫ్యాన్ పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మధ్యాహ్నం పూట పెరటి మట్టి తవ్వి గోతిలో పడుకున్న కుక్కను తోట పాడుచేసిందని కొట్టకూడదు. అది చల్లటి మట్టిని వెతుక్కుంటోంది.

ప్రవర్తన

ఉన్నట్టుండి కరిచే కుక్కకు ముందు నొప్పి ఉందేమో చూడాలి. కాలువలో ఈత కొట్టే లాబ్రడార్ చెవి ఈ తేమలో ఆరదు. లోపల బూజు పట్టి, పుల్లటి వాసన వేస్తూ, నల్లని జిగట చేరుతుంది. తల విదిలిస్తుంది, చెవిని గోడకు రాసుకుంటుంది. చిన్నపిల్ల ముద్దుగా ఆ చెవి పట్టుకుంటే కరుస్తుంది. రెండు వారాలు చెవి మందు వేస్తే చాలావరకు మునుపటి కుక్క తిరిగి వస్తుంది. కొడితే మాత్రం, చెయ్యి దగ్గరికి వస్తే నొప్పేనని నేర్చుకుంటుంది. గుర్రుమన్నందుకు కొట్టిన కుక్క గుర్రుమనడం మాని నేరుగా కరవడం నేర్చుకుంటుంది.

పగలంతా గొలుసుతో గేటు దగ్గర ఉన్న కుక్క మొరగడంలో వింతేమీ లేదు. పొద్దున్నే, సాయంత్రం చెరో అరగంట నడిపించి, వాసనలు చూడనిచ్చి, అన్నం కోసం కాస్త వెతుక్కునేలా పెడితే మొరుగుడు తగ్గుతుంది. ఈ జిల్లాల్లో తరచు కనిపించే మరో పరిస్థితి ఉంది. పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్ళిపోతూ కుక్కను తల్లిదండ్రులకు అప్పగిస్తారు. రోజంతా వెంట తిరిగిన మనిషి మాయమవడంతో అది తలుపులు గీకుతుంది, తిండి మానేస్తుంది. వెళ్ళే నెల ముందు నుంచే అన్నం పెట్టడం, నడిపించడం పెద్దవాళ్ళ చేతికి మార్చాలి.

దీపావళి, నాగులచవితి టపాసులు, సంక్రాంతి మైకులు చాలా కుక్కలకు నిజమైన భయం. వణికే కుక్కను దగ్గరికి తీస్తే భయం పెరుగుతుందన్నది అపోహ. కిటికీలు మూసిన లోపలిగదిలో ఫ్యానో టీవీయో వేసి తోడు కూర్చోవడం మంచిది. ఏటా ఇబ్బంది పడే కుక్కకు ముందుగానే పశువైద్యుడిని అడిగి మందు తెచ్చుకోవాలి.

పిల్లి

పిల్లి జబ్బును దాచుకుంటుంది. మగపిల్లి పదేపదే ఇసుక తొట్టిలోకో గచ్చు మూలకో వెళ్ళి, వంగి ముక్కుతూ, అరుస్తూ, చుక్క కూడా పోయకపోతే మూత్రనాళం మూసుకుపోయినట్టు. మలబద్ధకమనుకుని ఆముదం పట్టిస్తూ కూర్చుంటే ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. రాత్రయినా బయల్దేరవలసిన సందర్భం ఇది. గోడల మీద మూత్రం చిమ్మడం వేరు. అది హద్దులు గుర్తుపెట్టుకోవడం, ఆపరేషన్‌తో చాలావరకు తగ్గుతుంది.

జ్వరమని పిల్లికి పారాసిటమాల్ బిళ్ళ ఇవ్వకూడదు. ఒక్క 500 మిల్లీగ్రాముల బిళ్ళ చాలు ప్రాణం తీయడానికి. దాని కాలేయం ఆ మందును విరగ్గొట్టలేదు, చిగుళ్ళు గోధుమరంగుకు తిరిగి మొహం వాస్తుంది. పాలన్నం మీదే పెంచిన పిల్లికి టారిన్ అందక గుండె, చూపు దెబ్బతింటాయి. పెద్దయిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా. చేప పెట్టాలి. అయితే ఉడికించి, ముళ్ళు తీసి పెట్టాలి. పచ్చి చేపే రోజూ తింటే కొన్ని రకాల చేపల వల్ల విటమిన్ బి1 నశించి మెడ వాలిపోవడం, తూలడం వస్తాయి. గర్భిణి ఉన్న ఇంటి నుంచి పిల్లిని తరిమేయనక్కర్లేదు. ఇసుక తొట్టిని రోజూ మరొకరు శుభ్రం చేస్తే, మాంసం బాగా ఉడికించి తింటే టాక్సోప్లాస్మా భయం చాలావరకు తీరుతుంది.

వైద్యం

ఊళ్ళోని పశువుల ఆసుపత్రి గేదెల కోసం పెట్టినదే అయినా కుక్కకు రేబిస్ టీకా, నట్టల మందు అక్కడ అడగవచ్చు. శస్త్రచికిత్స, స్కానింగ్ అవసరమైతే పట్టణాల్లోని ప్రైవేటు క్లినిక్‌లకో, గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకో వెళ్ళాలి. 2022 నుంచి నడుస్తున్న సంచార పశువైద్య వాహనాలకు 1962 నంబరుకు ఫోన్ చేయాలి. వెళ్ళేటప్పుడు చెప్పవలసినవి ముందే గుర్తుచేసుకోవాలి. ఆఖరిసారి తిన్నదెప్పుడు, ఏమిటి. వాంతి, విరేచనం ఏ రంగులో ఉన్నాయి. చుట్టుపక్కల ఎవరైనా ఎలుకమందో పురుగుమందో వాడారా. టీకా కార్డులో ఆఖరి తేదీ ఏది. ప్రవర్తన ఏ రోజు నుంచి మారింది. ఈ ఆఖరి ప్రశ్నకు ఇంట్లో వాళ్ళందర్నీ అడగాలి. తరచుగా ఇంట్లో చిన్నపిల్లలే ఆ మార్పును అందరికన్నా ముందు చూసి ఉంటారు.